లవ్‌డే చివరి మాట

అబద్ధాలు చెప్పడంలో ట్రెవార్గన్ గని ఊరి హానిబల్ ట్రెగియర్‌ని మించినవాడు కార్న్‌వాల్ మొత్తంలో పుట్టలేదు. ఇది సొంతూరి మీద ప్రేమ కొద్దీ చెబుతున్న మాట కాదు. పక్కనున్న పెండ్రీ ఊరివాళ్ళు ఒకసారి తమ ఊరి మొనగాణ్ణి వెంటబెట్టుకుని పందేనికి వచ్చారు. ఆ మొనగాడు సారాకొట్లో గంటసేపు హానిబల్ ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, బట్టతలతో వానలో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ టోపీ ఇప్పటికీ అక్కడే మేకుకి వేలాడుతోంది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు.

ఒక ఏడాది పిల్చర్డ్ చేపలు ఎంత దట్టంగా పట్టాయంటే, హానిబల్ వాటి వీపుల మీదుగా నడిచి సముద్రంలో ఎదురుగా ఉన్న దిబ్బ దాకా వెళ్ళొచ్చాడట. ఎడమకాలి బూటు మాత్రం తడిసిందట. ఒక చేప పరధ్యానంగా ఉండటమే అందుకు కారణమట. అతని ఇంట్లో ఒక కోడి ఉండేది. గనిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు తిని పెరిగింది కాబట్టి, అది పెట్టిన గుడ్డు చేత్తో పట్టుకుంటే చాలు, దీపం అక్కర్లేకుండా సొరంగంలో నడిచిపోవచ్చు.

ఆ కోడి కథ మొదట చెప్పినప్పుడు గని బయట, రాయి కొట్టే పాక దగ్గర పదిహేను మంది ఉన్నారు. పద్నాలుగు మంది "అబద్ధం!" అని అరిచారు. తెల్ల గుడ్డ తలకి చుట్టుకుని తగరపు రాయి పగలగొడుతున్న ఒక పిల్ల మాత్రం సుత్తి కిందపెట్టి, "ఆ తర్వాత?" అంది.

ఆ పిల్ల పేరు లవ్‌డే. ఆర్నెల్లకి పెళ్ళయింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళూ హానిబల్ పని నుంచి వచ్చి, ఎర్రమట్టి కడుక్కుని, బార్లీ రొట్టె ముందు కూర్చునేవాడు. ఆవిడ చేప ముల్లు తీస్తూ "ఆ తర్వాత?" అనేది. పిల్లలు నిలవలేదు. ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పోయారు. ఆ ఇంట్లో ఆ మాట మాత్రం నిలిచింది.

తొమ్మిదో ఏడు గుర్రం మీద మెథడిస్టు ప్రసంగి వచ్చాడు. పాత గని గోతిలో నిలబడి మాట్లాడాడు. రెండు వేల మంది విన్నారు. ఈ లెక్క హానిబల్‌ది కాదు కాబట్టి నమ్మొచ్చు. ఎగతాళి చేద్దామని వెళ్ళిన హానిబల్ సగం ప్రసంగంలోనే మోకాళ్ళ మీద పడి ఎద్దులా ఏడ్చాడు. లేచేసరికి ఛాతీ మీంచి బండరాయి ఎత్తి అవతల పారేసినట్టుందన్నాడు. తన పాపాలు పోయాయని తనకి తెలిసిపోయిందన్నాడు. సంఘంలో దాన్నే నిశ్చయం అంటారు. అది కలిగినవాడు పాటలో గొంతు ఎత్తుతాడు, కలగనివాడు పెదాలు కదుపుతాడు.

చెప్పులు కుట్టే ఒబదయా కర్నో అక్కడ క్లాసు పెద్ద. క్లాసంటే పన్నెండు మంది. వారానికోసారి అతని కొట్టులో, తోలు వాసనలో కూర్చుంటారు. ఆత్మ ఎలా ఉందని ఆయన ఒక్కొక్కరినీ అడుగుతాడు, దాచకుండా చెప్పాలి. మూడు నెలలకోసారి ఒక చిన్న అచ్చు చీటీ ఇస్తాడు. అదే టికెట్. టికెట్ ఉంటేనే ప్రేమవిందుకి రానిస్తారు. అక్కడ రొట్టె విరుచుకుని, రెండు చెవుల గిన్నెలో నీళ్ళు ఒకరి తర్వాత ఒకరు తాగుతారు. పోయినవాళ్ళ చేతిలో ఆ టికెట్ పెట్టి పాతిపెడతారు. గని మనుషులకి అంతకన్నా పెద్ద ఆస్తి ఉండేది కాదు.

"తమ్ముడూ, నీకు టికెట్ ఇస్తాను," అన్నాడు ఒబదయా. "కానీ ఆ నాలుక దేవుడికి ఇచ్చెయ్యాలి. కోళ్ళు, చేపలు, అవన్నీ అబద్ధాలు. సరదాకి చెప్పినా అబద్ధం అబద్ధమే."

హానిబల్ ఇచ్చేశాడు. వాడు ఏదీ సగం చేసే రకం కాదు. నిన్న మంచు దట్టంగా ఉందన్నాను, నిజానికి ఓ మాదిరిగా ఉంది అని చెప్పడానికి మైలు దూరం వెనక్కి నడిచి వెళ్ళేవాడు. నిచ్చెన మెట్లు వంద అని నోరుజారి, తర్వాత దిగి లెక్కపెట్టి, తొంభై ఏడని ప్రతి మనిషికీ విడివిడిగా చెప్పాడు. ఊళ్ళో వాడంటే కొంచెం భయం పట్టుకుంది.

ఇంట్లో సాయంకాలాలు నిశ్శబ్దమైపోయాయి. లవ్‌డే చేప ముల్లు తీసేది, హానిబల్ తినేవాడు. ఆవిడ కూడా క్లాసులో చేరింది. వారం వారం ఒబదయా అడిగేవాడు: "చెల్లెమ్మా, నిశ్చయం కలిగిందా?"

"లేదన్నా."

"ప్రార్థిస్తున్నావా?"

"మోకాళ్ళు కాయలు కాశాయన్నా."

ఆవిడ ఒక్కసారి ఔనని ఉంటే అందరూ పాట అందుకునేవాళ్ళు. కానీ మొగుడు నాలుక దేవుడికిచ్చాక ఆ ఇంట్లో అబద్ధానికి చోటు లేదు. మూడేళ్ళు "లేదన్నా" అనే అంది.

ఆ మూడో ఏడు మొదట్లోనే సంఘం రెండుగా చీలింది. లండన్ నుంచి, బ్రిస్టల్ నుంచి కరపత్రాలు వచ్చాయి. గని కెప్టెన్ సిలాస్ హాస్కింగ్ వాటిని చదివి తేల్చాడు: లోకం పుట్టకముందే దేవుడు కొందరిని ఏర్పరచుకున్నాడు, మిగతావాళ్ళు ఎంత ఏడ్చినా అంతే. ఒబదయా దీనికి మండిపడ్డాడు. కృప అందరిదీ, చెయ్యి చాపినవాళ్ళకి చాపినంత అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఒబదయా చెప్పుల పనిలోకి రాకముందు ఒకే గనిలో, ఒకే వరదలో ఒకరినొకరు బయటికి లాగినవాళ్ళే. ఇప్పుడు దారిలో ఎదురుపడితే ఒకాయన ఆకాశం చూసేవాడు, ఇంకొకాయన బూట్లు చూసుకునేవాడు. బూట్లు ఎవరు చూసుకునేవారో చెప్పక్కర్లేదు, వాటిని కుట్టింది ఆయనే.

లవ్‌డే ఒక ఆదివారం సిలాస్ ఇంటికి వెళ్ళి కూర్చుంది. చెయ్యి చాపి చాపి నొప్పెట్టింది, అవతలి మాట కూడా విందామనుకుంది. సిలాస్ ఆవిణ్ణి కోప్పడలేదు. మెల్లగా, జాలిగా అన్నాడు: "మూడేళ్ళయినా రాలేదంటే, అమ్మా, అది నీ తప్పు కాదు. దేవుడు ఏర్పరచుకున్నవాళ్ళ పుస్తకంలో నీ పేరు ఉండి ఉండదు."

ఆ మాట విని ఇంటికొచ్చిన రోజు నుంచి ఆవిడ రొట్టె సగమే తినేది. తర్వాత పావు. రాతి దుమ్ము ఎప్పుడో ఊపిరితిత్తుల్లో చేరింది, ఇప్పుడది పైకి వచ్చింది. అవతలి కూటానికి వెళ్ళిందని తెలిసి ఒబదయా ఆ మూడు నెలల టికెట్ ఇవ్వలేదు. నియమం అది, ఆయన ఏడుస్తూనే ఇవ్వలేదు. సిలాస్ వాళ్ళు అసలు టికెట్లే ఇవ్వరు. ఏర్పడ్డవాళ్ళకి చీటీలెందుకంటారు.

"కాస్త గంజైనా తాగవే," అని హానిబల్ బతిమాలేవాడు.

"ఎందుకయ్యా? ఎలాగూ నరకంలో కాలిపోయేదాన్ని మేపడం దండగ కదా."

ఆవిడ కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. వరదొచ్చినప్పుడు నాలుగు గంటలు నీళ్ళలో మెడ దాకా నిలబడ్డ మనిషి హానిబల్. ఆ లెక్క విని వాకిట్లోకి వెళ్ళి గోడకి తల ఆనించి నిలబడిపోయాడు.

తర్వాత ఒబదయా కొట్టుకి పరుగెత్తాడు.

"అన్నా, ఒక్క మాట చెప్పన్నా దానికి. దేవుడు నిన్ను ఒప్పుకున్నాడని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతుంది."

ఒబదయా చేతిలో సూది ఆగిపోయింది. "నాకు తెలియంది ఎలా చెప్పను తమ్ముడూ? తలుపు తెరిచే ఉంది. లోపలికి రావాల్సింది తనే."

"రాలేకపోతోందన్నా! మూడేళ్ళుగా గుమ్మంలోనే ఉంది!"

"అయితే ఇంకాస్త చెయ్యి చాపమను."

అక్కణ్ణుంచి సిలాస్ ఇంటికి. సిలాస్ కుర్చీ వేశాడు, కూర్చోమన్నాడు.

"కెప్టెన్ గారూ, పొరపాటు పడ్డానని చెప్పండి. ఒక్కసారి. పుస్తకంలో పేరు ఉండొచ్చు అనండి చాలు."

"ఉండొచ్చు హానిబల్. ఉంటే చివరి క్షణంలో తెలుస్తుంది. అప్పుడు ఆవిడే నోటితో చెబుతుంది."

"తెలియకపోతే?"

సిలాస్ కిటికీలోంచి గని పొగగొట్టం చూశాడు. "అప్పుడు అదీ తెలుస్తుంది."

హానిబల్ ఊరి పాత చర్చి పంతులు గారి ఇంటికి కూడా వెళ్ళాడు. ఆ పెద్దమనిషి గుర్రానికి జీను కడుతూ, గోతుల్లో గెంతే మీ మూకని వదిలేశానని కాగితం మీద వేలిముద్ర వేస్తే వస్తానన్నాడు. ఊళ్ళో ఇంక వెళ్ళడానికి ఇల్లు మిగల్లేదు.

ఇక్కడ మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మెథడిస్టు మనిషి పోతుంటే మంచం పక్కన ఎవరో ఒకరు కలం పట్టుకుని కూర్చుంటారు. పోయేవాళ్ళు చివర్లో ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటారు. "ప్రభువు వస్తున్నాడు," "వెలుగు కనిపిస్తోంది," అలాంటివి. అది కూటంలో చదువుతారు, ఒక్కోసారి అచ్చు కూడా వేస్తారు. చదివిన రోజు జనం ఏడ్చి పాడి ఇంటికెళ్ళేవాళ్ళు. ఏమీ అనకుండా పోయినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

గురువారం మధ్యాహ్నం లవ్‌డే ఊపిరి మారింది. కబురు అందగానే ఒబదయా సిరాబుడ్డితో వచ్చి మంచానికి కుడివైపు కూర్చున్నాడు. పావుగంటలో సిలాస్ కూడా సిరాబుడ్డితో వచ్చాడు, ఎడమవైపు కూర్చున్నాడు. ఏడాదిగా మాటలు లేని ఇద్దరూ ఒకే దుప్పటికి అటొకరు ఇటొకరు. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా రెండు కలాలూ లేచేవి. దగ్గు వచ్చేది. రెండు కలాలూ దిగేవి.

"చెల్లెమ్మా," అన్నాడు ఒబదయా, "చెయ్యి చాపు. అడుగు చాలు."

"అమ్మా," అన్నాడు సిలాస్, "ఏమైనా కనిపిస్తోందా? లేకపోతే లేదని చెప్పు, పర్లేదు."

"నీళ్ళు తాగుతావా?" అన్నాడు హానిబల్. గదిలో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే.

లవ్‌డే అతని వైపు తిరిగింది. కళ్ళు ఎంత పెద్దవైపోయాయంటే మొహంలో ఇంకేమీ మిగల్లేదు.

"అది ఎంత లోతుంటుందయ్యా?" అంది. "గని కంటే లోతా?"

"ఏది?"

"నేను వెళ్ళేది. నీకు లోతులు తెలుసు కదా. నాకు నిచ్చెనంటేనే భయం." అతని చెయ్యి పట్టుకుంది. వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి, అయినా గోళ్ళు దిగాయి. "భయంగా ఉందయ్యా. భయంగా ఉంది."

హానిబల్ కుడివైపు చూశాడు. ఒబదయా కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నాడు. ఎడమవైపు చూశాడు. సిలాస్ "భయంగా ఉంది" అని రాసుకుంటున్నాడు. కలం చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు హానిబల్ గొంతు సవరించుకున్నాడు. మూడేళ్ళ తర్వాత అలా సవరించుకున్నాడు.

"మొన్న సోమవారం ఏమైందంటే," అన్నాడు, "అరవై బారల లోతుకి దిగాను. నిచ్చెన అయిపోయింది. నేను మాత్రం ఇంకా దిగుతూనే ఉన్నాను."

ఆవిడ రెప్పలు కదిలాయి. "నిచ్చెన లేకుండానా?"

"అలవాటు మీద."

"తమ్ముడూ!" ఒబదయా కళ్ళు తెరిచాడు. "ఏంటిది? ఇది సమయమా? నీ టికెట్ గుర్తుంచుకో!"

"మూడు రోజులు దిగాను. తెచ్చుకున్న రొట్టె అయిపోతే కొవ్వొత్తి తిన్నాను. ఆ తర్వాత ముక్కులోంచి వెలుగొచ్చింది, దారి బాగా కనబడింది. కింద ఇనప పట్టీల తలుపు. తలుపు దగ్గర ముక్కాలిపీట మీద ఒకడు కూర్చున్నాడు. కొమ్ములున్నాయి, కళ్ళజోడుంది, ఒళ్ళో పాత బూటు పెట్టుకుని కుడుతున్నాడు."

లవ్‌డే చూపు ఒక్కసారి ఒబదయా వైపు వెళ్ళి తిరిగొచ్చింది. పెదవి చివర ఏదో కదిలింది.

"'టికెట్ ఏదీ?' అన్నాడు. 'ఏం టికెట్ బాబూ?' అన్నాను. 'నరకంలోకి రావాలంటే టికెట్ ఉండాలి. ఈ మూడు నెలలదే, పాతది చెల్లదు' అన్నాడు. నేను లోపలికి రాను బాబూ, మా ఆవిడకి ఇక్కడ చోటు రాసిపెట్టి ఉందని కెప్టెన్ గారన్నారు, మంచం పొయ్యికి మరీ దగ్గరగా వేశారేమో చూసిపోదామని వచ్చానన్నాను."

"హానిబల్!" సిలాస్ లేచి నిలబడ్డాడు. "నరకంతో ఆటలాడుతున్నావు! దీనికి జవాబు చెప్పుకోవాలి!"

"కూర్చోండి కెప్టెన్ గారూ, మీ దగ్గరికే వస్తున్నా." హానిబల్ ఆవిడ మొహం మీంచి కళ్ళు తిప్పలేదు. చెమట గడ్డం మీంచి దుప్పటి మీద పడుతోంది. "వాడు పెద్ద పుస్తకం తీశాడు. వేలు నాలిక మీద పెట్టుకుంటే చుయ్యిమంది. ట్రెగియర్... ట్రెగియర్... మా నాయన పేరుంది, అది నాకు తెలిసిందే. లవ్‌డే పేరు లేదు. 'సరిగ్గా చూడండి బాబూ' అన్నాను. మూడుసార్లు చూశాడు. 'పుస్తకంలో పేరు లేదు, చేతిలో టికెట్ లేదు. ఇలా ఎవరు పడితే వాళ్ళు వస్తామంటే మా క్రమశిక్షణ ఏం కావాలయ్యా?' అన్నాడు."

"నా దగ్గర టికెట్ లేదు," అంది లవ్‌డే. "ఈసారి ఇవ్వలేదు."

"అదే కదా చెప్పేది! 'తోసుకుని వస్తే?' అన్నాను. 'తోసుకుని వస్తే మెడపట్టి పైకి గెంటేస్తాం' అన్నాడు."

"మెడ పట్టే?"

"మెడ పట్టే. ఎంత గట్టిగా గెంటుతారంటే గనిలో ఆగరు, పొగగొట్టంలోంచి బయటికొచ్చి పడతారు."

లవ్‌డే నవ్వింది. మూడేళ్ళకి వచ్చిన నవ్వు. సగం దగ్గే, అయినా నవ్వే. అతని చేతిలో గోళ్ళు వదులయ్యాయి. తలగడ మీద తల సర్దుకుని, సుత్తి కిందపెట్టిన పిల్లలా అతని వైపు చూసింది.

"ఆ తర్వాత?" అంది.

అది అప్పటికప్పుడు అల్లిన కథ. ఆ తర్వాత ఏమిటో హానిబల్ ఆలోచించలేదు. మూడేళ్ళు వాడని నాలుక కదా, ఒక్క ఊపిరి ఆలస్యమైంది. పొగగొట్టంలోంచి పడ్డాక ఎక్కడ పడాలా అని వెతుక్కుని, నోరు తెరిచేసరికి ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి మాత్రం లేదు.

"చెబుతున్నా," అన్నాడు హానిబల్. "ఉండవే, చెబుతున్నా. పైకొచ్చి పడ్డాక... పడ్డాక..." భుజాలు పట్టుకుని ఊపాడు. "వినవే! అయిపోలేదు!"

ఇద్దరు మగవాళ్ళు పట్టుకుంటే గానీ వదల్లేదు. ఆ ఏడాదిలో ఒబదయా, సిలాస్ కలిసి చేసిన పని అదొక్కటే.

కాసేపటికి ఒబదయా అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన గడ్డం తడిగా ఉంది. "తమ్ముడూ, నువ్వు చెప్పినదానికి నీ మీద కోపం లేదు. క్లాసులో ఒప్పుకో, కడిగేసుకుందాం. కానీ చివర్లో చెల్లెమ్మ మొహం చూశాను. భయం పోయింది. నా చెవి సరిగ్గా వినబడదు, నీకు తెలుసు. ఆవిడ నోటికి దగ్గరగా ఉన్నది నువ్వే. ఏదో చూసినట్టు అంది కదా? నువ్వు చెప్పు, నేను రాస్తాను. ఆదివారం చదువుదాం. టికెట్ చేతిలో పెట్టి పాతుదాం."

సిలాస్ కూడా కలం ముంచాడు. "'పైకి' అనే మాట నేనూ విన్నాను. అది ఆవిడే అని ఉంటే, హానిబల్, నేను పొరపాటు పడ్డానని రాస్తాను. నా చేత్తో రాస్తాను."

వారం క్రితం హానిబల్ బతిమాలి అడిగింది ఇదే. ఇప్పుడు ఒక్క అబద్ధం చాలు. వాడి పాత లెక్కల్లో అది అబద్ధం కూడా కాదు, చేప వీపు మీద కాలు పెట్టినంత తేలిక. ఆవిడ పేరు రెండు కూటాల్లోనూ చదువుతారు, జనం ఏడ్చి పాడతారు.

"'ఆ తర్వాత?' అంది," అన్నాడు హానిబల్.

"అంటే?"

"అంతే. 'ఆ తర్వాత?' అంది. నేను చెప్పలేకపోయాను."

ఒబదయా కలం దించలేదు. "వేరే ఏమైనా..."

"అది అడిగిందన్నా. నాతో చెప్పమని అడిగింది. దాని మాట అది. మార్చను."

రెండు కాగితాలూ ఖాళీగానే మడిచి జేబుల్లో పెట్టుకున్నారు.

శవపెట్టె మూసేముందు హానిబల్ తన టికెట్ తీసి, ఎవరూ చూడకుండా ఆవిడ వేళ్ళ మధ్య దూర్చాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో మొహం పాలిపోయింది. ఒక్క ఉరుకున వచ్చి ఆ చీటీని లాగేశాడు. తొందరలో మూల చిరిగి ఆవిడ గుప్పిట్లో ఉండిపోయింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి ఆ మూల కూడా తీశాడు. కింద తలుపు దగ్గర ఆ కళ్ళజోడువాడు చీటీ ముక్క చూసి లోపలికి రానిస్తే! చూస్తున్నవాళ్ళు మతి పోయిందనుకున్నారు. తన అబద్ధాన్ని తనే నమ్మడం వాడి జీవితంలో అదే మొదటిసారి. చిరిగిన చీటీ పొయ్యిలో వేసి, పూర్తిగా కాలేదాకా నిలబడి చూశాడు.

క్లాసుకి వెళ్ళలేదు. ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆ తలుపు, ఆ కళ్ళజోడువాడు, ఆ మెడపట్టి గెంటడం, అన్నీ లేవని ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆవిడ ఎక్కడున్నట్టు?

కోతల నెలలో ప్రేమవిందు వచ్చింది. ఒబదయా కొట్టు వెనక గదిలో కిటికీలన్నీ తెరిచి పెట్టారు. గుమ్మం దగ్గర టికెట్లు చూస్తున్నవాడు డిగరీ పాస్కో. గనిలో హానిబల్‌తో ఒకే సొరంగంలో పనిచేసే మనిషి. ఎండలో నడిచి వస్తున్న హానిబల్‌ని చూసి డిగరీ బెదిరాడు.

"టికెట్ ఉందా హన్నీ?"

"లేదు."

"మరెందుకొచ్చావ్ రా నాయనా? రానివ్వనని తెలుసు కదా."

"తెలుసు. గెంటు."

"ఏంటి?"

"టికెట్ లేనివాణ్ణి మెడపట్టి గెంటుతారు కదా. గెంటు. ఎలా ఉంటుందో చూడాలి." హానిబల్ నవ్వలేదు. కళ్ళు ఎర్రగా, లోతుగా ఉన్నాయి. బొట్టు సారా వాసన కూడా లేదు. "గెంటరా డిగరీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

లోపల పాట మొదలైంది. గిన్నె చేతులు మారుతున్న చప్పుడు, రొట్టె విరిచిన వాసన. డిగరీ లోపలికి చూశాడు, బయటికి చూశాడు. చివరికి ఎముకలు తేలిన ఆ మెడ మీద చెయ్యి వేశాడు. గెంటలేదు. అలాగే పట్టుకుని, దారి వైపు తిప్పి, నాలుగడుగులు వెంట నడిపించాడు.

మంచం పక్కన చెప్పిన ఆ కథ ఊరంతా విన్నారు. ఏ కూటంలోనూ చదవకపోయినా విన్నారు. డిగరీ వెనక్కి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, మెడ వదలకుండానే మెల్లగా అడిగాడు:

"పొగగొట్టంలోంచి పైకొచ్చి పడ్డాక, హన్నీ... ఆ తర్వాత?"

హానిబల్ ట్రెగియర్ నోరు తెరిచాడు. పాట అయిపోయింది, రెండో పాట మొదలైంది. ఆ తర్వాతి మాట ఇంకా దొరకలేదు.